ఆరు మాటల్లో... ఓ జీవితం!

ఆత్మకథ అనగానే లావుపాటి పుస్తకం గుర్తొస్తుంది. కానీ ప్రపంచంలో ఎక్కువమంది జీవితాలు పుస్తకాలకెక్కలేదు. రాతి పలకల మీదా, డైరీల్లో రెండేసి వాక్యాల్లోనూ, ఆఖరికి స్టీలు బిందెల మీదా మిగిలాయి. ఆ బుల్లి జీవితకథలంటే ఇప్పుడు అందరికీ ఇష్టమే. ఎందుకంత ఇష్టం?

మీ తాతయ్య పేరు చెప్పండి. టక్కున చెప్పేస్తారు. ముత్తాత పేరు? కాస్త ఆలోచిస్తే గుర్తొస్తుంది, లేదంటే ఇంట్లో పెద్దవాళ్లని అడుగుతారు. మరి ముత్తాత భార్య పేరు? ఆమె ఏ ఊరి ఆడపడుచు? ఏం పని బాగా చేసేది? దేనికి నవ్వేది?

ఇక్కడికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. మూడు తరాలంటే ఎంతని... నూరేళ్లు అటూఇటూ. ఆ కాస్త కాలంలోనే ఓ నిండు జీవితం ఆనవాలు లేకుండా పోతుంది. ఆమె పుస్తకం రాయలేదు, రాయాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చి ఉండదు. ఆమె గురించి ఒక్క వాక్యం ఎవరైనా ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే? ఆ ఒక్క వాక్యం విలువ ఇవాళ ఎంత!

కందుకూరి వీరేశలింగం తన స్వీయచరిత్రను రెండు భాగాలుగా రాశారు. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' రాశారు. మహాకవి శ్రీశ్రీ 'అనంతం' రాశారు. పెద్దవాళ్లు, పెద్ద పుస్తకాలు... బాగానే ఉంది. మరి మిగతావాళ్ల సంగతేమిటి? వాళ్లకోసమే అన్నట్టు చిన్న రాతలు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటికో పేరూ, ఓ ఊపూ వచ్చింది మాత్రం ఈ మధ్యనే.

ఆరు పదాల సరదా

అమెరికాలో ల్యారీ స్మిత్ అనే సంపాదకుడు 2006లో 'స్మిత్' అనే ఆన్‌లైన్ పత్రిక పెట్టారు. మనుషుల సొంత కథల కోసమే ఆ పత్రిక. అదే ఏడాది పాఠకులకు ఓ చిన్న పోటీ పెట్టారు. మీ జీవితకథని ఆరంటే ఆరే పదాల్లో చెప్పండి... అంతే! కథలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలోంచి ఏరి 2008లో పుస్తకం వేస్తే అది బెస్ట్ సెల్లర్ అయి కూర్చుంది. దాని పేరు 'నాట్ క్వైట్ వాట్ ఐ వాజ్ ప్లానింగ్'. లెక్కపెడితే సరిగ్గా ఆరు పదాలు. పాఠకులు పంపినవాటిలో ఒకదాన్నే పుస్తకానికి పేరుగా పెట్టేశారు. నేననుకున్నది ఒకటి, అయింది మరొకటి అన్నంత అర్థం. ఎంతమంది జీవితాలకు సరిపోతుందో కదా!

ఈ పోటీకి స్ఫూర్తి ఓ పాత కథ. ఆరు పదాల్లో కథ రాస్తానని రచయిత హెమింగ్వే పందెం కాసి, తొడగని పసిపాప బూట్లు అమ్ముతామంటూ ఓ ప్రకటనలాంటి వాక్యం రాసి గెలిచారని చెబుతారు. వినడానికి భలేగా ఉంటుంది కానీ దానికి ఆధారం లేదు. ఆయన చనిపోయింది 1961లో. ఆయన పేరుతో ఈ కథ అచ్చులో కనిపించింది 1990ల్లో. పసిపిల్లల వస్తువులు వాడకుండానే అమ్మకానికి పెట్టిన ప్రకటనలూ, వాటి గురించిన ముచ్చట్లూ ఆయన కుర్రాడిగా ఉన్నప్పటి అమెరికా పత్రికల్లోనే ఉన్నాయి. అంటే ఆ కథని రాసింది గొప్ప రచయిత కాకపోవచ్చు. ఎవరో మామూలు మనుషుల ఇంట్లోని దుఃఖమే అలా పత్రిక మూలన ఓ ప్రకటన అయి ఉండొచ్చు.

ఆరు పదాలే అక్కర్లేదు. 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక 2018 నుంచి నూరు పదాలు మించకుండా పాఠకుల అనుబంధాల కథలు వేస్తోంది. ఇక మన ఫోన్లలో చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మన గురించి చెప్పుకోవడానికి ఇచ్చేది 150 అక్షరాలు. అందులో ఒకరు చేసే ఉద్యోగం రాస్తే, ఒకరు పిల్లల పేర్లు రాస్తారు, ఇంకొకరు సొంతూరి పేరొక్కటే పెట్టి ఊరుకుంటారు. ఏది రాశారన్న దాన్నిబట్టే మనిషి సగం తెలిసిపోతాడు.

మన భాషకి ఈ ఆట ఇంకా బాగా నప్పుతుంది. 'ఐ కుడ్ నాట్ కమ్' అనడానికి ఇంగ్లిషుకి నాలుగు పదాలు కావాలి. మనకి 'రాలేకపోయాను'... ఒక్కటి చాలు. చేసిందెవరో, ఎప్పుడో, చేయాలనుండీ చేయలేకపోయిన బాధా అన్నీ అందులోనే. తెలుగువాళ్లు రాస్తే ఎలా ఉంటాయో చూద్దామని సరదాగా మేం అల్లినవి కొన్ని...

పదో తరగతి తప్పాను. బడి కట్టించాను.

ముగ్గుర్ని చదివించాను. సంతకం ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

దుబాయ్‌లో పదిహేనేళ్లు. కూతురు ఫోన్లోనే పెరిగింది.

ఊరొదిలి నలభై ఏళ్లు. కలలన్నీ అక్కడివే.

ఏదీ ఆరు దాటలేదు. అయినా ఒక్కోదాని వెనకా ఓ నవలకి సరిపడా సంగతులున్నట్టు లేవూ!

అధ్యక్ష పదవి ఊసే లేదు!

చిన్నగా రాయడమంటే తగ్గించి రాయడం కాదు, ఎంచుకుని రాయడం. దీనికి థామస్ జెఫర్సన్‌ని మించిన ఉదాహరణ దొరకదు. ఆయన అమెరికాకి మూడో అధ్యక్షుడు. 1801 నుంచి 1809 దాకా ఎనిమిదేళ్లు ఆ పదవిలో ఉన్నారు. అంతకుముందు ఉపాధ్యక్షుడు, విదేశాంగ మంత్రి, వర్జీనియా గవర్నరు.

తన సమాధి మీద ఏం రాయాలో ఆయనే ముందుగా రాసిపెట్టుకున్నారు. అందులో మూడే సంగతులు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసినవాణ్ని... వర్జీనియాలో మత స్వేచ్ఛ చట్టం రాసినవాణ్ని... వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవాణ్ని. ఇంతకుమించి ఒక్క మాట కూడా వద్దని కూడా రాశారు. 1826లో ఆయన పోయాక అలాగే చేశారు. అధ్యక్ష పదవి ఊసే లేదు.

జనం తనకిచ్చిన పదవులు కాదు, తాను జనానికిచ్చినవి గుర్తుండాలన్నది ఆయన ఉద్దేశం. నాలుగొందల పేజీల పుస్తకంలో అయితే పదవులూ ఉండేవి, పనులూ ఉండేవి. ఏది ముఖ్యమో మనమే వెతుక్కోవాల్సి వచ్చేది. చోటు తక్కువ కాబట్టే ఆయన మనసులో ఏది పైనుందో తెలిసింది.

అదే సమయంలో అందులో లేనిదీ ఒకటుంది. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నారు. ఆ సంగతి పలకలో లేదు. చిన్న రాత ఎంత చెబుతుందో, అంత దాచగలదు కూడా!

బిందె మీద బయోడేటా

ఇదంతా విదేశీ వ్యవహారం అనుకుంటే పొరపాటే. మన వంటింట్లోకి వెళ్లి ఓ పాత స్టీలు బిందెనో, గంగాళాన్నో తిప్పి చూడండి. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. ఓ పేరు, ఓ తేదీ, ఓ సందర్భం. కొన్నిటి మీద 'గృహప్రవేశం' అనుంటుంది, కొన్నిటి మీద 'జ్ఞాపకార్థం' అని. సామాన్ల కొట్లో గిన్నెలు కొన్నాక పేర్లు కొట్టించుకోవడం మనకి అలవాటే. పెద్దకర్మ రోజున పోయినవాళ్ల పేరు కొట్టించి గిన్నెలో, గ్లాసులో పంచే ఇళ్లూ ఉన్నాయి. ఆ గ్లాసులో కాఫీ తాగినప్పుడల్లా ఆ పేరు కంటపడుతుంది. ఏ పుస్తకానికుంది ఆ భాగ్యం!

ఆడవాళ్ల విషయంలో ఈ గిన్నెలు ఇంకో మేలు కూడా చేశాయి. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన సామాన్ల మీద అమ్మాయి పేరు పుట్టింటి ఇంటిపేరుతో కొట్టించినవి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తాయి. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, బ్యాంకు పుస్తకంలో అంతటా ఇంటిపేరు మారిపోయిన ఆ అమ్మమ్మకి... ఒకప్పటి పేరు మిగిలింది ఆ బిందె మీదే.

గుడికెళ్తే ఫ్యాను రెక్కల మీదా, మెట్ల మీదా, బెంచీల మీదా ఇవే రాతలు. ఫలానావారి జ్ఞాపకార్థం కుమారులు చేయించినది అని. ఇంకా వెనక్కి వెళ్తే ఊరి పొలిమేరల్లో వీరగల్లులు. ఆవుల మందల్ని దోచుకుపోయే దొంగల్తో పోరాడి చనిపోయినవాళ్లకీ, ఊరి కోసం ప్రాణాలిచ్చినవాళ్లకీ నిలబెట్టిన రాళ్లవి. కత్తి పట్టిన మనిషి బొమ్మ, కొన్నిటిమీద రెండు మూడు పంక్తుల శాసనం. ఎవరు, ఎక్కడ, ఎందుకు పోయాడు... అంతే. రాజులు దానధర్మాల గురించి పొడుగాటి శాసనాలు వేయించుకున్నారు. సామాన్యుడికి దక్కింది ఈ రెండు పంక్తులే. అయితేనేం, వందల ఏళ్ల తర్వాత కూడా అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

పెళ్లిలో చదివే ప్రవర కూడా ఓ రకంగా బుల్లి జీవితకథే. ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు... మూడు తరాలు ముప్పై సెకన్లలో వచ్చేస్తాయి. కాకపోతే అందులో వినిపించేవి మగవాళ్ల పేర్లే. ముత్తాత పేరు గుర్తుండి ముత్తవ్వ పేరు మరుగున పడటానికి ఇలాంటివన్నీ కారణమే.

పేరు దక్కనివాళ్లకి పలక

ఈ లోటును గుర్తించి, పనిగట్టుకుని పూడ్చినవాళ్లూ ఉన్నారు. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కి దగ్గర్లో పోస్ట్‌మన్స్ పార్క్ అనే చిన్న తోట ఉంది. అందులో ఓ షెడ్డు కింద గోడకి పింగాణీ పలకలు. జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ అనే చిత్రకారుడి ఆలోచన అది. సైన్యాధిపతులకూ మంత్రులకూ విగ్రహాలు పెడుతున్నారు కదా, పక్కవాణ్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనుషులకి ఎవరు పెడతారు అని ఆయన ప్రశ్న. విక్టోరియా రాణి పాలనకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో 'ది టైమ్స్' పత్రికకి ఉత్తరం రాశారు. ప్రభుత్వం నుంచి స్పందన రాలేదు. చివరికి ఆయనే పూనుకుని చేయించారు. 1900లో తోటలోని ఆ గోడ ప్రారంభమైంది. ఇప్పుడక్కడ 54 పలకలున్నాయి.

ఒక్కో పలక మీదా ఓ పేరు, చేసే పని, ఎవర్ని కాపాడారో, ఎప్పుడో... నాలుగైదు పంక్తులు మించి ఉండదు. ఓ పలక మీదున్న పేరు ఆలిస్ ఐర్స్. తాపీ కూలీ కూతురు. 1885 ఏప్రిల్‌లో ఇంటికి నిప్పంటుకుంటే కిటికీలోంచి పరుపు కిందపడేసి, ముగ్గురు పిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని దానిమీదకి జారవిడిచింది. తాను మాత్రం దక్కలేదు. ఆమె ఉత్తరాలు దాచినవాళ్లు లేరు, ఆత్మకథ లేదు. అయినా నూరేళ్లు దాటాక 'క్లోజర్' నాటకంలో, 2004లో వచ్చిన అదే పేరుగల హాలీవుడ్ సినిమాలో ఓ పాత్ర ఆ పలక మీది పేరునే తన పేరుగా చెప్పుకుంటుంది. నాలుగు పంక్తులు ఎంత దూరం వెళ్లాయో చూడండి.

జర్మనీలో అయితే ఈ రాతలు కాళ్ల కిందే ఉంటాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్ నగరంలో మొదలుపెట్టిన పని ఇది. నాజీలు చంపినవాళ్లు చివరిసారిగా తమ ఇష్టంతో ఎక్కడ కాపురమున్నారో ఆ ఇంటి ముందు ఫుట్‌పాత్‌లో పది సెంటీమీటర్ల ఇత్తడి బిళ్ల పాతుతారు. ఇక్కడ ఉండేవారు అని మొదలుపెట్టి పేరు, పుట్టిన ఏడాది, ఎప్పుడు తీసుకెళ్లారు, ఎక్కడ చంపారు... అంతే రాస్తారు. వీటిని జర్మన్ భాషలో స్టోల్పర్‌స్టైన్ అంటారు. కాలికి తగిలే రాయి అని అర్థం. ఒక మనిషికి ఒక రాయి. 2023 నాటికి ఐరోపా అంతటా లక్ష రాళ్లు పూర్తయ్యాయి.

లక్షల మంది చనిపోయారని చదివితే అంకె కళ్లముందు నుంచి జారిపోతుంది. ఒక్క గడప ముందు తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు... నాలుగు చిన్న బిళ్లలు పక్కపక్కనే కనిపిస్తే కాలు ముందుకు పడదు. చదవాలంటే తల వంచాలి కూడా.

రోజుకి రెండు వాక్యాలు

ఒక్క వాక్యం చిన్నదే. కానీ రోజూ రాస్తే? అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని ఉండేది. తొమ్మిది మంది బిడ్డల తల్లి. 1785 నుంచి 1812లో చనిపోయేదాకా 27 ఏళ్లు డైరీ రాసింది. దాదాపు పదివేల రోజులు. రోజుకి కాసిని వాక్యాలు. వాతావరణం ఎలా ఉంది, ఎవరింట్లో పురుడు పోసింది, ఏమిచ్చారు, నది గడ్డకట్టిందా, ఎవరు నేత నేశారు... ఇలాంటివే. తన మనసులో మాట చెప్పింది తక్కువ.

చాలాకాలం చరిత్రకారులు ఆ డైరీని పట్టించుకోలేదు. రోజువారీ గోల తప్ప ఏముంది అనుకున్నారు. లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి మాత్రం ఆ గోలలోనే కూర్చుని లెక్కలు కట్టారు. 816 పురుళ్లు తేలాయి. వాటితోపాటు ఆ ఊరి ఆడవాళ్ల కష్టం, అప్పులు, తగాదాలు, వైద్యం అన్నీ బయటికొచ్చాయి. ఆమె రాసిన 'ఎ మిడ్‌వైఫ్స్ టేల్' పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

పాలవాడి లెక్క, పురుటి తేదీ, ఎరువుల ఖర్చు... మన ఇళ్లలో పాత క్యాలెండర్ల మీదా, పంచాంగాల అంచుల్లోనూ ఇలాంటివి ఎన్ని రాసేవారో! ఉగాది రాగానే పాత పంచాంగంతోపాటు అవీ పోయాయి.

బాగుంది... కానీ అంతా మంచేనా?

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత నాలుగో రోజు నుంచి 'న్యూయార్క్ టైమ్స్' చనిపోయినవాళ్ల గురించి చిన్నచిన్న పరిచయాలు వేసింది. ఒక్కోటి సుమారు 200 పదాలు. ఏం చదివారు, ఏ హోదాలో ఉన్నారు అని కాదు. ఒకరికి చేపలు పట్టడమంటే పిచ్చి, ఇంకొకరు కూతురికి రోజూ జడ వేసేవారు... అలాంటి ఒక్క విషయం పట్టుకుని రాశారు. కంపెనీ పెద్దకీ, హోటల్లో పనిచేసేవాడికీ ఒకే కొలత. పాఠకులు రోజూ ఆ పేజీ తెరిచి ఏడ్చారు. ఆ పరిచయాలు భాగంగా ఉన్న ప్రత్యేక విభాగానికి మరుసటేడాది పులిట్జర్ బహుమతి దక్కింది.

దానిమీద విమర్శలూ వచ్చాయి. అందరూ మంచి భర్తలు, మంచి తల్లులుగానే కనిపిస్తున్నారే, మనుషుల్లో ఉండే మిగతా గుణాలేవీ అని. నిజమే. చిన్న చోటులో మనిషి తొందరగా దేవుడైపోతాడు. మన పత్రికల్లో వచ్చే వర్ధంతి ప్రకటనలు చూడండి. అందరూ ప్రేమమూర్తులే, అందరూ మార్గదర్శకులే. పేరూ ఫొటో మార్చితే ఎవరికైనా సరిపోతుంది. అందరికీ సరిపోయే వాక్యం నిజానికి ఎవరి గురించీ చెప్పదు.

అందుకే చిన్న రాతకి ప్రాణం పొగడ్తలో ఉండదు, ఆనవాలులో ఉంటుంది. ప్రేమమూర్తి అన్న మాట రేపు మర్చిపోతాం. మామిడికాయ ముక్క రుచి చూసి ఆవకాయకి ఉప్పెంత పట్టాలో చెప్పేసే అమ్మమ్మని మర్చిపోం. మొదటి వాక్యం ఎవరైనా రాయగలరు. రెండోది ఆమె పక్కన కూర్చున్నవాళ్లే రాయగలరు.

బుల్లి జీవితకథలు మనల్ని పట్టి లాగేది ఇందుకే. చదివేవారికి ఖాళీలు పూరించుకునే పని దొరుకుతుంది. రాసేవారికి భయం పోతుంది. 'నా బతుకులో ఏముంది రాయడానికి' అనే మనిషిని కూడా 'ఒక్క ముక్క చెప్పు చాలు' అంటే ఆలోచనలో పడతాడు. ఆ ఒక్క ముక్క ఏదా అని వెతుక్కోవడంలోనే జీవితమంతా ఓసారి కళ్లముందు తిరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం... మన గురించి ఇంకొకరు రాస్తే ఫలానావారి భార్య, ఫలానావారి తండ్రి అని రాయొచ్చు. మనమే రాసుకుంటే ఏ మాటతో మొదలుపెట్టాలో మనిష్టం.

పుస్తకం రాయాలంటే ఏళ్లు పడుతుంది. ఇంట్లో పెద్దావిడ పేరూ, పుట్టింటి ఊరూ, ఆమెకే సరిపోయే ఒక్క వాక్యమూ రాసిపెట్టడానికి ఈ ఆదివారం మధ్యాహ్నం చాలు. ఆమె చెప్పగలిగినప్పుడే అడగాలి, అంతే.

* * *

ఇలా మొదలుపెట్టండి!

* 'మీ జీవితం గురించి చెప్పండి' అంటే ఎవరూ చెప్పలేరు. చిన్న ప్రశ్న వేయండి. మొదటి సంపాదన ఎంత, దాంతో ఏం కొన్నారు? చిన్నప్పుడు మిమ్మల్ని ఏమని పిలిచేవారు? పెళ్లికి ముందు మీ ఇంటిపేరేంటి?

* పాత ఫొటోలు ముందేసుకుని కూర్చోండి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడాది అని వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను నొక్కి రాస్తే ముందువైపు గీతలు పడతాయి.

* వాళ్లు మాట్లాడినట్టే రాయండి. వాళ్ల యాసని దిద్దొద్దు. ఆ మాటలో సగం మనిషి ఉంటాడు.

* మంచి మనిషి, కష్టజీవి లాంటి మాటలు పక్కనపెట్టి, ఆ మాట ఎందుకు అనాలనిపించిందో ఆ సంగతి ఒక్కటి రాయండి.

* పిల్లలకి ఆరు పదాల ఆట నేర్పండి. ముందు తాతయ్య గురించి, తర్వాత తమ గురించి. ఏడాదికోసారి పుట్టినరోజున రాయిస్తే ఓ పుస్తకం దానంతటదే తయారవుతుంది.

* రాసినదాని కింద తేదీ వేయడం మర్చిపోవద్దు. యాభై ఏళ్ల తర్వాత చదివేవారికి దాని విలువ తెలుస్తుంది.